కోట నీడలో సువార్త

1834 డిసెంబరు చివర్లో 23 ఏళ్ల విలియం కొలెన్సో న్యూజీలాండ్ ఉత్తరాన పైహియా తీరానికి చేరాడు. వెంట ఒక అచ్చుయంత్రం తెచ్చాడు. పెట్టెలు విప్పి చూస్తే యంత్రం ఉంది, సీసపు అక్షరాలున్నాయి, కాగితం మాత్రం లేదు. అక్షరాలు విడివిడిగా పోసుకునే గళ్ల పెట్టెలూ లేవు. లండన్‌లోని చర్చ్ మిషనరీ సొసైటీ పెద్దలకు ఆ సంగతి తట్టలేదు. చేసేదేముంది, అక్కడి మిషనరీలు ఉత్తరాలు రాసుకోవడానికి దాచుకున్న కాగితాలు తెచ్చి ఇచ్చారు. పైఅట్టకని వాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లు సిరా అద్దుకునే గులాబీరంగు కాగితం ఇచ్చారు. అలా 1835 ఫిబ్రవరిలో 25 ప్రతులు తయారయ్యాయి. పౌలు ఎఫెసీయులకూ ఫిలిప్పీయులకూ రాసిన పత్రికలు, అక్కడి మూలవాసుల మావోరీ భాషలో.

ఆ రెంటిలో ఫిలిప్పీయుల పత్రిక, దేవుడితో సమానమైనవాడు తన గొప్పతనమంతా వదులుకుని దాసుడి రూపంలోకి దిగాడంటుంది. ఎఫెసీయుల పత్రిక చివరికొచ్చేసరికి దాసులను యజమానులకు భయంతో లోబడి ఉండమంటుంది. (ఈ పత్రిక పౌలు రాసింది కాదని చాలామంది పండితులంటారు. చదివే మావోరీకి ఆ తేడా ఎవరు చెప్పారు?) యజమాని దాసుడిగా దిగిరావడం, దాసుడు దాసుడిగానే ఉండిపోవడం ఒకే గులాబీరంగు అట్ట కింద కుట్టి ఉన్నాయి. ఈ రెంటి మధ్య ఉన్న దూరమే చాలాకాలంగా నన్ను వదలనిది.

నేను దేవుణ్ణి నమ్మేవాణ్ణి కాను. అయినా కొరింథు వాళ్లకు పౌలు రాసిన ఉత్తరాల దగ్గర ఆగి చదువుతాను. కొరింథు రేవుపట్నం. డబ్బు, వాగ్ధాటి, సిఫారసు ఉత్తరాలు బాగా చెల్లే ఊరు. పౌలు అక్కడ సంఘం పెట్టి వెళ్లాక వేరే బోధకులు వచ్చారు, మాటకారులు. జనం పోల్చి చూసుకున్నారు. ఈయన ఉత్తరంలో పులి, ఎదుటపడితే పిల్లి అని గొణిగారు. పౌలు ఇచ్చిన జవాబు వింతగా ఉంటుంది. గొప్పలు చెప్పుకోవలసిన చోట తిన్న దెబ్బలు లెక్కపెట్టాడు. ఐదుసార్లు కొరడా దెబ్బలు, మూడుసార్లు ఓడ బద్దలవడం, దమస్కు గోడ మీంచి గంపలో దిగి పారిపోవడం. శత్రువు కోటగోడను మొదట ఎక్కిన సైనికుడికి రోమన్లు కిరీటం పెట్టేవారు. ఈయన గోడ దిగి పారిపోయానని చెప్పుకున్నాడు! ఆపైన తన ఒంట్లో ఒక ముల్లుందని, తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నానని రాశాడు. ముల్లు పోలేదు. దాన్ని మోస్తూనే, తన చేతకానితనం వల్లే దేవుడి శక్తికి చోటు దొరికిందని తేల్చుకున్నాడు.

మన తెలుగు ప్రార్థన కూటాల్లో సాక్ష్యం చెప్పేవాళ్లను వింటూంటాం. జ్వరం తగ్గింది, పరీక్ష పాసయ్యాం, ఇక్కడ ఆక్లండ్‌లోనైతే రెసిడెన్సీ వచ్చింది. అడిగింది దొరకలేదని సాక్ష్యం చెప్పేవాడు అరుదు. పౌలు చెప్పాడు. అందుకే ఆ మాటకు నా దగ్గర విలువుంది. అయితే అదే పౌలు అదే కొరింథు వాళ్లను, మీ దగ్గరకు బెత్తం పట్టుకు రమ్మంటారా, ప్రేమతో రమ్మంటారా అని కూడా అడిగాడు. బలహీనతను పొగిడే మనిషి చెయ్యి బెత్తానికి ఎంత దూరంలో ఉందో చూసుకోవాలి. న్యూజీలాండ్ చరిత్రలో ఆ దూరాన్ని దాదాపు కొలిచి చూపించవచ్చు.

మొదటి మిషను ఓయిహీ అనే చిన్న అఖాతంలో వెలసింది. ఆక్లండ్ నుంచి కారులో నాలుగు గంటల ప్రయాణం, ఆ తర్వాత గడ్డిమేట్ల మీదుగా కిందికి నడక. ఒడ్డున 1907లో నిలిపిన రాతి సిలువ ఉంది. అందరూ సిలువ దగ్గర ఫొటోలు తీసుకుంటారు. నాకు మాత్రం కళ్లు పక్కనున్న గుట్ట మీదికి పోయాయి. అది రంగిహోవా పా, మావోరీల కొండకోట. మెట్లుమెట్లుగా చదును చేసిన వాలు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తుంది. మిషనరీల ఇళ్లు ఆ కోట కింద, నిటారైన వాలులో, కూరగాయలు కూడా సరిగా పండని నేలలో ఉండేవి. పైనుంచి ఎవరైనా రాయి దొర్లిస్తే చాలు, నేరుగా వంటింట్లో పడుతుంది.

ఆ గుట్ట రువాటారా అనే యువ నాయకుడిది. అతను తిమింగలాల వేట ఓడల్లో కూలికి పోయి, ఇంగ్లండ్ రాజును చూడాలని 1809లో లండన్ దాకా చేరి, రాజును చూడకుండానే, ఒళ్లు హూనమై తిరుగుముఖం పట్టాడు. ఆ ఓడలో శామ్యూల్ మార్స్‌డెన్ కంటపడ్డాడు. మార్స్‌డెన్ న్యూ సౌత్ వేల్స్ ఖైదీల వలసలో పాదిరి, మేజిస్ట్రేటు కూడా. కొరడా దెబ్బల శిక్షలు వేయడంలో పేరుమోసినవాడు. ఆదివారం కృప, సోమవారం కొరడా. రోగిని మాత్రం కన్నతండ్రిలా చూసుకున్నాడు. ఒకే మనిషిలో రెండూ ఉన్నాయి.

1814లో మిషనరీలతో సిడ్నీ నుంచి తిరిగొస్తున్నప్పుడు దారిలో రువాటారా దిగాలుగా అయిపోయాడు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. ఈ మిషనరీల వెనక ఇంకా జనం వస్తారు, సైన్యం వస్తుంది, ఆస్ట్రేలియా మూలవాసులకు పట్టిన గతే మీకూ పడుతుందని సిడ్నీలో ఎవరో అన్నారట. అలాగైతే ఓడను వెనక్కి తిప్పేస్తానన్నాడు మార్స్‌డెన్. రువాటారా వద్దన్నాడు. డిసెంబరు 25న అతనే అర ఎకరం నేలకు కంచె కట్టించి, పాత పడవ ముక్కలతో వేదిక చేయించి, పడవ అడుగులు బోర్లించి బెంచీలు వేయించాడు. మార్స్‌డెన్ ఇంగ్లీషులో ప్రసంగించాడు. మాకేం అర్థం కాలేదని జనం అంటే, తర్వాత చెప్తాలే అన్నాడు రువాటారా. న్యూజీలాండ్‌లో మొదటి సువార్త ప్రసంగం అలా ఒక మావోరీ పూచీ మీద, అతని బెంచీల మీద జరిగింది. రెండున్నర నెలలు తిరక్కముందే రువాటారా చనిపోయాడు.

మిగిలినవాళ్లు ముగ్గురు. బడిపంతులు థామస్ కెండల్, వడ్రంగి విలియం హాల్, చెప్పులు కుట్టే పని, తాళ్లు పేనే పని తెలిసిన జాన్ కింగ్. ఒక్కరూ అభిషిక్తులైన పాదిరులు కారు. 12 గొడ్డళ్లిచ్చి 200 ఎకరాలు తీసుకున్నారు కానీ తిండికి బంగాళాదుంపలూ పందిమాంసమూ మావోరీలే అమ్మాలి. ప్రాణాలకు మావోరీ నాయకుడు హోంగి హికా అండ ఉండాలి. హోంగి వాళ్లను కాపాడాడు, ఆ మతాన్ని మాత్రం పుచ్చుకోలేదు. యుద్ధం చేసేవాడికి అది పనికిరాదని అతని లెక్క. పౌలు కాలంలో రోమన్ పెద్దమనుషుల అభిప్రాయమూ దాదాపు ఇదే కదా.

ఇక్కడ బోధకుడు నిజంగానే బలహీనుడు. పౌలు చెప్పిన స్థితికి సరిగ్గా సరిపోయాడు. మరి శక్తి కనిపించిందా? మొదటి బాప్తిస్మానికి 1825 దాకా ఆగాల్సి వచ్చింది. అదీ చావుబతుకుల్లో ఉన్న రంగి అనే పెద్దాయనకు.

ఈలోపు కెండల్ కథ నడిచింది. మస్కెట్ తుపాకులు అమ్మితే తప్ప దుంపలు దొరకని పరిస్థితి. మార్స్‌డెన్ వద్దన్నా కెండల్ అమ్మాడు. 1820లో అనుమతి లేకుండా హోంగినీ, వైకాటో అనే మరో నాయకుణ్ణీ వెంటబెట్టుకుని ఇంగ్లండ్ వెళ్లాడు. కేంబ్రిడ్జిలో ప్రొఫెసర్ శామ్యూల్ లీ దగ్గర కూర్చుని ముగ్గురూ మావోరీ వ్యాకరణానికి రూపం తెచ్చారు. ఆ తర్వాత మావోరీలో అచ్చయిన సువార్తలన్నిటికీ అదే పునాది. అదే ప్రయాణంలో హోంగి నాలుగో జార్జి రాజును కలిశాడు, ఇనుప కవచం కానుకగా పొందాడు, తిరుగుదారిలో సిడ్నీలో మిగతా కానుకలు ఇచ్చేసి వందల తుపాకులు పోగుచేశాడు. 1821 తర్వాత ఆ తుపాకులు వేలమందిని చంపాయి, వేలమందిని బానిసలుగా ఉత్తరానికి తోలాయి.

వ్యాకరణం, తుపాకులు ఒకే ఓడలో వచ్చాయి. వ్యాకరణం దేవుడి సంకల్పం అనేవాళ్లు చాలామంది ఉన్నారు. తుపాకులు కూడా ఆయన ఖాతాలోనే రాసేవాళ్లు ఒక్కరూ కనిపించరు. జమ ఒకరికి, ఖర్చు ఇంకొకరికి రాస్తే అది లెక్క కాదు. కెండల్ మావోరీల విశ్వాసాలను లోతుగా అర్థం చేసుకోవాలని దిగి, అందులో మునిగాడు. తన విశ్వాసమే కదిలిపోయిందని ఉత్తరాల్లో ఒప్పుకున్నాడు. ఒక టోహుంగా, అంటే మావోరీ పూజారి, కూతురితో సంబంధం బయటపడింది. సొసైటీ తీసేసింది. 1832లో ఆస్ట్రేలియా తీరంలో నీట మునిగి చనిపోయాడు. చరిత్రకారిణి జుడిత్ బిన్నీ 1968లో ఆయన జీవితం రాసింది. బలహీనతలో దేవుడి శక్తి ఉందని బోధించే సంస్థ, నిజంగా బలహీనుడు ఎదురుపడేసరికి ఉద్యోగం పీకేసింది. సంస్థలన్నీ చేసేది అదే. తప్పుపట్టడం లేదు, గమనించమంటున్నాను.

1830లలో పరిస్థితి మారింది. జనం తండోపతండాలుగా చదువు నేర్చుకున్నారు, బాప్తిస్మాలు పెరిగాయి. యుద్ధాలతో విసిగారని కొందరు చరిత్రకారులు, అక్షరం మీద మోజని కొందరు అంటారు. నాకు ముఖ్యంగా కనిపించేది, ఆ మాటను మోసినవాళ్లెవరన్నది. హోంగి దండు పట్టుకొచ్చిన బానిసలు మిషను బడుల్లో చదువుకున్నారు. విడుదలై సొంత ఊళ్లకు నడిచి వెళ్తూ పుస్తకం పట్టుకెళ్లారు. మిషనరీ అడుగుపెట్టని ఊళ్లలో అప్పటికే చదివేవాళ్లున్నారు.

టారోరె అనే పన్నెండేళ్ల పిల్ల దగ్గర మావోరీ లూకా సువార్త ఉండేది. 1836 అక్టోబరులో తండ్రి న్గాకుకుతో ప్రయాణిస్తూ వైరేరె జలపాతం కింద రాత్రి మకాం వేశారు. రోటొరువా వైపు నుంచి వచ్చిన దండు పడింది. అందరూ చెదిరిపోయారు, పిల్ల చనిపోయింది. తల కింద పెట్టుకున్న పుస్తకాన్ని ఉయిటా అనేవాడు పట్టుకుపోయాడు. మావోరీ న్యాయం ప్రకారం తండ్రి పగ తీర్చుకోవాలి. తీర్చుకోనన్నాడు, చనిపోయిన కూతురి దగ్గర నిలబడి ఎవ్వరూ తీర్చుకోవద్దన్నాడు. పుస్తకం చదవడం రాని ఉయిటాకు, ఒకప్పుడు బానిసగా ఉండి చదువు నేర్చిన రిపాహౌ చదివి వినిపించాడని, ఉయిటా వచ్చి న్గాకుకుకు క్షమాపణ చెప్పుకున్నాడని, ఆ పుస్తకమే తర్వాత దక్షిణాన ఓటాకీ చేరిందని చెప్పుకుంటారు. అక్కడి ఇద్దరు యువకులు ఉత్తరానికి వచ్చి మిషనరీని పంపమని అడిగితే 1839లో ఆక్టేవియస్ హాడ్‌ఫీల్డ్ వెళ్లాడు.

న్గాకుకు అన్న మాటలో దేవుడున్నాడా? ఉన్నాడనే అతను అన్నాడు. పక్కన నిలబడి కాదనడానికి నేనెవర్ని? కానీ ఒకటి మాత్రం చెప్పగలను. పగ వదిలెయ్యమని న్గాకుకును ఆజ్ఞాపించగల మిషనరీ ఆ రోజు ఆ దేశంలో లేడు. బలవంతం చేసే శక్తి ఎవరి దగ్గరా లేదు కాబట్టే ఆ నిర్ణయం పూర్తిగా అతనిది.

మన తెలుగు దేశంలోనూ బలహీనుల గురించి పౌలు రాసిన వాక్యమే ఒక మలుపు తిప్పింది. 1860ల చివర్లో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గరకు పై కులాలవాళ్లు పిల్లల్ని బడికి పంపుతున్నారు, బోధ వింటున్నారు. మాదిగలు రావడం మొదలుపెట్టగానే, వాళ్లను చేర్చుకుంటే మేం రామన్నారు. క్లౌ దంపతులు వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం తగిలిందట. లోకం లెక్కచెయ్యని బలహీనులనే దేవుడు ఎంచుకున్నాడనే భాగం. క్లౌ మాదిగల వైపు నిలబడ్డాడు, పై కులాల పిల్లలు బడి మానేశారు. పుస్తకం యాదృచ్ఛికంగా అక్కడే తెరుచుకుందా అంటే నేను పందెం కాయను. కానీ ఆ సంగతికి ముందే తాళ్లకొండపాడు నుంచి తోళ్ల వ్యాపారి యర్రగుంట్ల పేరయ్య తనంతట తాను వెతుక్కుంటూ వచ్చాడన్నది మరిచిపోతాం. దేవుడు బలహీనుల్ని ఎంచుకున్నాడని చెప్పుకునే కథల్లో, బలహీనులు ఏం ఎంచుకున్నారన్నది ఎప్పుడూ పేజీ అడుగుకు పోతుంది. కరువు రోజుల్లో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని పని కల్పించిన క్లౌ, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని అన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆపాలన్న ఆ వివేకం క్లౌకు ఉండడం నాకు నచ్చుతుంది. తన చేతిలో అన్నం ఉందని, అన్నం ఉన్న చెయ్యి బలహీనమైన చెయ్యి కాదని ఆయనకు తెలుసు.

న్యూజీలాండ్‌లో అది తెలియని రోజు 1840లో వచ్చింది. బ్రిటిష్ ప్రభుత్వానికీ మావోరీ నాయకులకూ మధ్య జరిగిన వైతాంగి ఒప్పందాన్ని మావోరీలోకి మార్చింది మిషనరీ హెన్రీ విలియమ్స్, అతని కొడుకు, ఒక్క రాత్రిలో. ఫిబ్రవరి 6న సంతకాలు మొదలవుతుండగా మన అచ్చుయంత్రం కొలెన్సో అడ్డొచ్చి, వీళ్లకు ఇందులో ఉన్నది అర్థమైందని మీరనుకుంటున్నారా అని లెఫ్టినెంట్ గవర్నర్ హాబ్సన్‌ను అడిగాడు. నేను చేయగలిగింది చేశానని హాబ్సన్ జవాబు. సంతకాలు సాగాయి. నౌకాదళం వదిలి వచ్చిన విలియమ్స్, తన 11 మంది పిల్లల కోసమని దాదాపు 11,000 ఎకరాలకు హక్కు అడిగాడు. ఆ గొడవలో 1849లో సొసైటీ అతన్ని తీసేసింది, తర్వాత మళ్లీ చేర్చుకుంది. మిషను ఇల్లు ఇక కోట కింద లేదు. లోబడమన్న వాక్యానికి ఇప్పుడు వెనక సైన్యం ఉంది. అక్షరం మారలేదు, అర్థం మారిపోయింది. రువాటారాకు సిడ్నీలో చెప్పిన మనిషి మాటే నిజమైంది. 1863 చట్టం కింద ఒక్క తారనకీ ప్రాంతంలోనే మావోరీల భూమి 12 లక్షల ఎకరాలు జప్తయింది.

దానికి మావోరీలు బైబిలు చేతబట్టుకునే రెండు రకాలుగా జవాబిచ్చారు. టె ఊవా హౌమేనె 1862లో గాబ్రియేలు దూత కనిపించాడని చెప్పి కొత్త మతం పెట్టాడు. 1864 ఏప్రిల్‌లో సెంట్రీ హిల్ దగ్గర అతని అనుచరులు మంత్రం పఠిస్తూ, గుళ్లు తగలవన్న నమ్మకంతో బ్రిటిష్ సైన్యం కోట మీదికి నడిచారు. దాదాపు 50 మంది పడిపోయారు. దేవుడి శక్తి అంటే తుపాకీని ఆపే శక్తి అనుకుంటే జరిగేది ఇదే. అలా అనుకోవడం వాళ్ల తెలివితక్కువ కాదు, తుపాకులున్నవాళ్లు చెప్పే సాక్ష్యాలన్నీ అలాగే ఉంటాయి.

రెండో జవాబు పరిహాకా. టె ఫిటి, టోహు కాకహి అనే ఇద్దరు 1860ల మధ్యలో తారనకీలో కట్టిన ఊరు. టె ఫిటి లూథరన్ మిషనరీ రీమెన్‌ష్నైడర్ బడిలో బైబిలు చదివినవాడు. గుళ్లు తగలవని అతను చెప్పలేదు. తగిలినా తిరగబడొద్దన్నాడు. 1879లో జప్తు భూముల్లోకి నాగళ్లు పంపాడు. దున్నేవాళ్లను అరెస్టు చేస్తే మర్నాడు మరికొందరు. వందలమందిని విచారణ లేకుండా దక్షిణ దీవి జైళ్లకు పంపారు. 1881 నవంబరు 5 పొద్దున మంత్రి జాన్ బ్రైస్ గుర్రమెక్కి దాదాపు 1,600 మంది సాయుధులతో వచ్చాడు. గుట్ట మీద ఫిరంగి పెట్టారు. విలేకరులను రానివ్వలేదు. ఊరి దారిలో మగపిల్లలు పాడుతూ కూర్చున్నారు, ఆడపిల్లలు తాడాట ఆడుతున్నారు, ఆడవాళ్లు కాల్చిన రొట్టెలు సిద్ధం చేసి సైనికులకు ఇచ్చారు. లోపల సభాస్థలంలో రెండువేల మందికి పైగా కదలకుండా కూర్చున్నారు. ఇద్దరు నాయకులను పట్టుకుపోయారు. తర్వాతి వారాల్లో ఇళ్లు కూల్చారు, పంటలు పాడుచేశారు, 1,600 మందిని తరిమేశారు. ఆడవాళ్లపై అత్యాచారాలు జరిగాయని ప్రభుత్వం 2017 జూన్‌లో చెప్పిన క్షమాపణలో ఒప్పుకుంది.

బలహీనత పరిపూర్ణ శక్తి అని ఆ ఆడవాళ్ల ఎదుట అనగలవాడెవడు? ఓటమికి నైతిక విజయమని పేరు పెట్టి చేతులు కడుక్కోవడం దూరాన ఉన్నవాళ్లకు తేలిక. బలహీనతను మనిషి తన కోసం తాను ఎంచుకోవచ్చు, ఇంకొకరికి అప్పజెప్పకూడదన్నది నా పట్టు. ఆ పట్టుకు పరిహాకాలోనే చిక్కొస్తుంది. గుర్రాల ముందు కూర్చున్న పిల్లల్ని ఎవరు అడిగారు? టె ఫిటి వాళ్లను కూర్చోబెట్టాడు. నా నియమం ప్రకారం ఆయన కూడా తప్పుచేసినట్టే. ఇంకోవైపు నుంచి చూస్తే, ఆ పిల్లల మీదికి గుర్రాలు ఎలాగూ వస్తున్నాయి. వాళ్లను బలహీనుల్ని చేసింది ఆయన కాదు, జప్తు చట్టం. దాక్కోవాలా, కనబడాలా అన్నదే ఆయన చేతిలో ఉంది. 1921లో చీరాల-పేరాల జనం పన్ను కట్టక ఊరొదిలి రామ్‌నగర్‌లో గుడిసెలు వేసుకున్నప్పుడు చంటిపిల్లల తల్లులదీ ఇదే సమస్య. ఈ జవాబు నన్ను సగమే ఒప్పిస్తుంది.

బ్రైస్ వైపు మాత్రం ఎలాంటి సందేహమూ లేదు. విచారణ లేకుండా పట్టి ఉంచిన ఇద్దరినీ ప్రభుత్వం దక్షిణ దీవిలోని నగరాలు తిప్పి ఫ్యాక్టరీలూ యంత్రాలూ చూపించింది. తెల్లవాడి శక్తి కళ్లారా చూస్తే లొంగుతారని ఆశ. 1883లో వదిలాక టె ఫిటి తిరిగొచ్చి కూలిన ఊరు మళ్లీ కట్టడం మొదలుపెట్టాడు. ఆ యంత్రాల్లో పనికొచ్చేవి తీసుకున్నాడు. కొన్నాళ్లకు పరిహాకాకు కుళాయి నీళ్లొచ్చాయి, కరెంటు దీపాలొచ్చాయి. లొంగుబాటు ఒక్కటే రాలేదు. జప్తు భూముల్లోకి మళ్లీ మనుషుల్ని తీసుకెళ్లాడు, 1886లో మళ్లీ జైలుకు పోయాడు.